పై సొరుగు

జూన్ 3

లోకమంతటి మీదా కోప్పడినా నా మీద మాత్రం కోప్పడని అత్తకి,

నాకు చోటు దొరికింది! సెలవులయ్యేదాకా పత్రికాఫీసులో శిక్షణ. నవలలు రాసుకోవడానికి నువ్వు వదిలేసి వచ్చావే, ఆ పత్రికే. నీ మేనకోడల్నని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే సిఫారసు మీద వచ్చిందంటారు. చెప్పకపోతే, ఈ పిల్ల లోపలికి ఎలా వచ్చిందబ్బా అనుకుంటారు. రెండోదే నయం.

నన్ను కూర్చోబెట్టిన గది మేడ మీద చిట్టచివరిది. ఒక బల్ల, ఒక కాలు పొట్టిదైన కుర్చీ, గోడ పొడుగునా సొరుగుల ఇనుప బీరువా. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. కింద అచ్చు యంత్రం కదిలితే నా గ్లాసులో టీ వణుకుతుంది. మా డెస్కు పెద్దాయన్ని వెనకాల అందరూ గడియారం అంటారు. ఏది అడిగినా ముందు గోడ వైపు చూసి టైం చెప్పి, ఆ తర్వాత జవాబు చెబుతాడు. "ఈ పేరా బాగుందా సార్?" అంటే "నాలుగున్నర. బాగుంది, సగం తీసెయ్" అన్నాడు.

నా పనేమిటంటే, ఇప్పుడు రాస్తున్న రచయితలూ పాత్రికేయుల జీవిత పరిచయాలు సిద్ధం చేయడం. 'మన రచయితలు' అనే శీర్షిక కోసమట. ఎక్కడ పుట్టారు, మొదట ఏ ఉద్యోగం చేశారు, రాతలోకి ఎలా వచ్చారు, ఇవన్నీ కనుక్కోవాలి. అత్తా, నాకు నిద్రలో కూడా ఇవే! రాసేవాళ్ళంతా కలంతోనే పుడతారనుకునేదాన్ని. తీరా చూస్తే అపరాధ పరిశోధన నవలలాయన రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసేవాడు. కవి గారు పశువుల డాక్టరు. కోర్టు వార్తలు రాసే ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ఆటల పేజీ రాసే ఆయన పుట్టాక బంతి ముట్టుకోలేదు. చిన్నప్పుడు కాలు విరిగి మంచం మీద ఉంటే, కిటికీలోంచి చూసి ఆటలన్నీ నేర్చుకున్నాడట.

నాకిచ్చిన దొంతరలో నీ ఫైలు కూడా ఉంది. "ఈమెది ముందు చెయ్" అన్నాడు గడియారం. నేను ఎగిరి గంతేయలేదు గానీ, నా పొట్టికాలు కుర్చీ మాత్రం ఊగింది. అడగాల్సిన ఏడు ప్రశ్నలూ దీనితో పంపుతున్నాను. ఏడోది నాకు భలే నచ్చింది. 'జనం మిమ్మల్ని ఏ పనితో గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటారు?'

ఒక చిక్కుంది. నీ మొదటి నవల అట్ట మీద నువ్వు లెక్కల టీచరువి. రెండోదాని మీద టెలిఫోన్ ఆపరేటర్‌వి. మూడోదాని మీద నర్సు శిక్షణ మధ్యలో మానేసినదానివి. ఇంతకీ నువ్వు ఎవరివి అత్తా?

నెలాఖరులోగా ఇవ్వాలి. నచ్చితే, కాలేజీ తెరిచాక కూడా సాయంత్రాలు పనికి రానిస్తారట. ఈ పని నాకు ఎంత కావాలో రాయడానికి నా దగ్గర సరిపడా మాటలు లేవు, అందుకే రోజుకొకటి పోగేసుకుంటున్నాను. ఇవాళ దొరికిన మాట 'భోగట్టా'. నాలుగుసార్లు పైకి అని చూడు, నోరంతా నిండుతుంది.

నీ
ప్రశ్నార్థకం


జూన్ 9

ఏమే ప్రశ్నార్థకమా,

ఫోను చేయకుండా ఉత్తరం రాసినందుకు మార్కులు వేశాను. నా వాటా కింద దర్జీ దుకాణం పెట్టారు. మిషన్లు తిరుగుతుంటే ఫోనులో సగం మాటే వినబడుతుంది, మిగతా సగం మనసు కల్పించుకుంటుంది.

'మన రచయితలు' శీర్షికట! పప్పులో కాలేశావు, కోడలు పిల్లా. ఆ ఏడు ప్రశ్నలూ రాసింది నేను. ఆ ఇనుప బీరువా పోరి కొనిపించింది నేను. పేరున్న మనిషి పోతే మర్నాటికల్లా పేపర్లో అరపేజీ జీవితం ఎలా వస్తుందనుకున్నావు? ఆ మనిషి సుబ్బరంగా తిని తిరుగుతుండగానే ఎవరో రాసి సొరుగులో పెడతారు. కబురొచ్చిన రోజున పైన తేదీ వేసి అచ్చుకు పంపిస్తారు. బతికున్నవాళ్ళని వివరాలు అడిగేటప్పుడు సంగతి బయటపెట్టకూడదని నియమం పెట్టింది కూడా నేనే. అందుకే నీ దగ్గర కూడా దాచారు.

కంగారుపడకు, నాకు కోపం లేదు. నేను వండిన కూరే నాకు ఎవరో వడ్డించినట్టుంది, అంతే. ఉప్పు సరిపోయిందో లేదో చూడబుద్ధేస్తోంది.

అట్టల సంగతి విను. మొదటి నవల బడి కథ. టీచరు రాసిందంటే జనం నమ్ముతారన్నాడు ప్రచురణకర్త. పక్కింటి ఇద్దరు పిల్లలకి కొన్నాళ్ళు లెక్కలు చెప్పిన మాట నిజమే కాబట్టి ఊరుకున్నాను. మూడోది నర్సు కథ. నర్సు శిక్షణకి వెళ్ళిందీ నిజమే, సూది చూసి కళ్ళు తిరిగి పడి వారానికే వెనక్కి వచ్చిందీ నిజమే. అట్ట వెనక రాసేది రచయిత జీవితం కాదు, పుస్తకానికి కుట్టించిన చొక్కా. మూడూ నిజాలే. వాటిలో మొదటి ఉద్యోగం ఏదో నువ్వే కనుక్కో.

ఆ బీరువా దగ్గర నా హయాంలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకొకళ్ళ జీవితం ముట్టుకునే ముందు తమ కాగితం తాము రాసి, నా ముందు పెట్టాలి. నేను కత్తిరించేదాన్ని. అందుకే నాకు కత్తెర అని పేరు పెట్టారు, ముందే చెబుతున్నాను. నీది రాసి పంపు. అప్పుడు నా జవాబులు వస్తాయి.

ఒక్క ప్రశ్న మాత్రం నాది. ఆ బీరువా నిండా జనం ఉంటే, ఇప్పుడు, ముందుగా, నా ఫైలే ఎందుకు తీశారు? మీ ఆఫీసుకి ఎవరు ఉప్పందించారు?

అత్త


జూన్ 14

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే చదివి అక్కడే కూలబడ్డాను. ఇన్నాళ్ళూ నేను రాస్తున్నవి ఇవా! నిన్న మధ్యాహ్నం పశువుల డాక్టరు కవి గారు "ఇంకేమైనా కావాలంటే అడుగు తల్లీ" అని నవ్వుతూ టీ ఇచ్చారు. ఆయనకు తెలిసే నవ్వారా?

వెంటనే వెళ్ళి గడియారాన్ని నిలదీశాను. "పదకొండుంబావు" అన్నాడు. "తెలిసిపోయిందా? సరే. అందరిదీ ఎప్పటికప్పుడు తాజా చేస్తూనే ఉంటాం." "ముందు ఆవిడదే ఎందుకు సార్?" అన్నాను. "అక్షరక్రమం" అన్నాడు. కాబట్టి ఉప్పూ లేదు, పప్పూ లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒట్టు. మామూలు పని. చాలా మామూలు పని. నిజంగా మామూలు పనే. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు, దయచేసి.

కానీ 'ఎవరు ఉప్పందించారు' అని ఎందుకన్నావు? అందించడానికి ఏదో ఒకటి ఉంటేనే కదా ఆ మాట వస్తుంది? నీకు ఒంట్లో బాగుందా? నాన్నని అడిగితే "అక్కకేం, రాయిలా ఉంటుంది" అని పేపర్లో తలదూర్చాడు, కానీ ఆ తర్వాత పేజీ తిప్పలేదు.

టికెట్ల నవలాకారుడి ఇంటికి వెళ్ళాను. గది నిండా పుస్తకాలు, గోడకి ఇప్పటికీ ఆ నల్ల కోటు. "టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేస్తారా సార్?" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. "మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నా. కంగారుపడేవాడి దగ్గర ఎప్పుడూ టికెట్ ఉంటుందమ్మా. ఉంది, ఇక్కడే పెట్టాను, ఇక్కడే పెట్టాను అని జేబులన్నీ తడుముకుంటాడు. లేనివాడు కాళ్ళు చాపుకుని కిటికీలోంచి చూస్తుంటాడు. అందుకే నా నవలల్లో హంతకుడు ఎప్పుడూ తీరిగ్గా ఉంటాడు" అన్నారు. ఒక ఉద్యోగం మనిషికి మొత్తం కథ రాసే పద్ధతే నేర్పిందంటే ఎంత ఆశ్చర్యం!

ఇదిగో, నా కాగితం. రెండు రోజులు కష్టపడ్డాను.

'అక్షరాల తోటలో కన్ను తెరిచి, పసితనం నుంచే పదాల పరిమళాన్ని ఆస్వాదిస్తూ, పుస్తకమే ప్రాణంగా, సత్యశోధనే శ్వాసగా, నిరంతరం ప్రశ్నలు అడుగుతూ, రేపటి పాత్రికేయ లోకంలో తనదైన వెలుగు నింపడానికి అడుగులు వేస్తున్న యువ కలం.'

కత్తిరించాల్సినంత ఏమీ లేదనుకుంటున్నాను.

నా మాట ఈసారి 'ఆరా'. చిన్నదే గానీ తలుపు సందులోంచి కూడా దూరుతుంది.

ప్రశ్నార్థకం


జూన్ 19

ప్రశ్నార్థకానికి,

నిన్న మీ నాన్న ఊడిపడ్డాడు. చేతిలో పళ్ళ సంచి.

"ఏరా, ఇలా వచ్చావు?"

"ఊరికే వచ్చానక్కా."

"ఊరికే వచ్చేవాడివి పళ్ళెందుకు తెచ్చావు?"

"దారిలో కనబడ్డాయి."

"ఇన్నేళ్ళ నుంచి కనబడనివి ఇవాళే కనబడ్డాయా?"

"నువ్వు లేవకక్కా, నేను తెచ్చుకుంటా మంచినీళ్ళు" అంటూ వంటింట్లోకి వెళ్ళాడు. తాగిన గ్లాసు కడిగి బోర్లించాడు. పుట్టి బుద్ధెరిగాక మా తమ్ముడు గ్లాసు కడగడం నేను చూడలేదు. ఆ చప్పుడు వినగానే, వీడికి ఏదో తెలిసిందనుకున్నాను. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "ఏదైనా ఉంటే చెబుతావుగా" అన్నాడు. ఆ మాట నేను వాణ్ణి అడగాల్సింది.

అక్షరక్రమమట! ఆ బీరువా సర్దింది నేనమ్మా. దాంట్లో అక్షరక్రమం ఎప్పుడూ లేదు. అడుగు సొరుగులో కుర్రకారు. మధ్య సొరుగుల్లో నడివయసువాళ్ళు. పై సొరుగులో, చెయ్యి చాపితే అందేలా, ఇవాళో రేపో అవసరం పడవచ్చు అనుకున్నవాళ్ళు. నేను మానేసే రోజున నా ఫైలు నా చేత్తో అడుగు సొరుగులో పెట్టి వచ్చాను. ఇప్పుడు ఎక్కడుందో చూడు. చూశాక కూడా మామూలు పనే అంటావేమో విందాం.

ఈ నెల మొదట్లో ఆస్పత్రిలో పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చాను. ఏం తేలిందో నాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మీ డెస్కుకి చెప్పినట్టున్నారు. నువ్వు మూడుసార్లు 'మామూలు' అని రాశావు. మామూలు సంగతిని ఎవరూ అన్నిసార్లు మామూలు అనరు.

నవల ఆగిపోయింది. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలి ఉంది. బల్ల దగ్గర కూర్చుంటే, ఇదే 'ఆమె చివరి నవల' అని నీ చేతిరాతలో కనబడుతోంది. కలం మూసేస్తున్నాను.

నీ కాగితం కత్తిరించాను. అక్షరాల తోటలో కన్ను తెరిచావా? మరి మీ అమ్మ పురుడు పోసుకున్న ఆస్పత్రి ఏమైంది? పరిమళం, ప్రాణం, శ్వాస, వెలుగు, అన్నీ పోయాయి. నిజమని నేను సాక్ష్యం చెప్పగలిగినవి రెండు మాటలే మిగిలాయి.

'ప్రశ్నలు అడుగుతుంది.'

అత్త


జూన్ 23

అత్తా,

నీ కత్తెర దెబ్బకి ఒక రోజు ఏడ్చాను. రెండో రోజు మిగిలిన రెండు మాటలూ మళ్ళీ చదువుకున్నాను. మూడో రోజు వాటినే పట్టుకుని బయల్దేరాను.

ముందు బీరువా. అడుగు సొరుగులో నీ పేరు లేదు. పై సొరుగు తెరిచాను. ఫైళ్ళ మధ్య నీ ఫైలంత ఖాళీ ఉంది, అక్కడ నీ పేరు చీటీ ఉంది. చీటీ కొత్తది.

గడియారం దగ్గరికి వెళ్ళాను. "సార్, అక్షరక్రమం కాదు." ఆయన గోడ వైపు చూశాడు గానీ టైం చెప్పలేదు. "కొత్తపిల్లవి, జడుసుకుంటావని అలా చెప్పాను. ఆవిడకి ఒంట్లో బాగాలేదని తెలిసింది" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మన ఫోటోగ్రాఫర్."

ఫోటోగ్రాఫర్ చీకటి గదిలా ఉండే తన మూలలో కెమెరా తుడుచుకుంటున్నాడు. వాళ్ళమ్మకి మళ్ళీ నడక నేర్పించడానికి ఆస్పత్రికి తీసుకెళుతుంటాడట. అక్కడ నిన్ను చూశాడట. ఒకసారి కాదు, వెళ్ళిన ప్రతిసారీ. వరండాలో మూల కుర్చీలో, ఒక్కదానివే, ఒళ్ళో సంచి పెట్టుకుని.

"పలకరించలేదా?" అన్నాను.

"ఏమని పలకరించమంటావు? ఎలా ఉన్నారనా? ఆ చోట అది అడిగే మాటేనా?"

"డాక్టరు ఏమన్నారో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? అన్నిసార్లు ఆస్పత్రిలో కూర్చునే మనిషికి ఏముంటుందో నీకు తెలీదా?"

అంతే అత్తా. ఇంతకుమించి ఎవరి దగ్గరా ఏమీ లేదు. రక్తం సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. నేను నీకు అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసింది చెప్పాను, నాకు తెలిసింది తప్పు. నాన్నని పంపించింది మాత్రం నేనే. ఒకసారి చూసి రమ్మని పోరాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ వరండాలో అన్నాళ్ళుగా ఎందుకు కూర్చుంటున్నావు? నిజం ఎంత పెద్దదైనా సరే చెప్పు. నీ ఫైలు బల్ల మీద మూసే ఉంది. నీ జవాబు వచ్చేదాకా ఒక్క అక్షరం రాయను. నెలాఖరు దాటితే దాటనీ. సాయంత్రాల ఉద్యోగం పోతే పోనీ.

ఈసారి మాటలేమీ పోగేయలేదు.

ప్రశ్నార్థకం


జూన్ 27

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి ఎంత గట్టిగా నవ్వానంటే కింద దర్జీ మిషను ఆపి, "ఏమైందమ్మా?" అని మెట్ల మీదికి వచ్చాడు. నా చావు కబురు మోసుకొచ్చింది నేనేనయ్యా అన్నాను. పాపం, మెల్లగా దిగి వెళ్ళిపోయాడు.

నేను ఆ వరండాలో నవల రాస్తున్నానే.

నా కొత్త నవల ఎదురుచూసేవాళ్ళ గురించి. లోపల తమవాళ్ళని పెట్టుకుని బయట కూర్చునేవాళ్ళ గురించి. ఇంట్లో కూర్చుని వాళ్ళ మాటలు కల్పిస్తే పేలవంగా వచ్చాయి. అందుకని వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను. ఒళ్ళో ఉన్న సంచిలో రాతప్రతి. అక్కడ జనం అబద్ధాలాడరు అనుకునేదాన్ని. అక్కడే ఎక్కువ ఆడతారు, అన్నీ ప్రేమతోనే. "ఏం లేదట, చిన్నదేనట." "నేను తినే వచ్చాను, నువ్వు తిను." మీ నాన్న గ్లాసు కడిగాడే, అలాంటివి.

కొన్నాళ్ళకి కాపలా మనిషికి అనుమానం వచ్చింది. "మీ వాళ్ళు ఏ వార్డులో ఉన్నారమ్మా?" అని పదేపదే అడుగుతుంటే, కుర్చీ నిలబెట్టుకోవడానికి నేనే ఒక రక్తపరీక్ష రాయించుకున్నాను. సూది చూడకుండా అవతలికి తిరిగి కళ్ళు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడు నీ ఏడు ప్రశ్నలు వచ్చాయి. నా ఫైలు ఎందుకు తీశారా అనుకున్నాను, రక్తం గుర్తొచ్చింది, మిగతాదంతా నేనే అల్లుకున్నాను. నువ్వు పాపం కంగారుగా కాదంటుంటే దాస్తున్నావనుకున్నాను. నీ టికెట్లాయన మాట ఉత్తరంలో చదివి కూడా, జేబులు తడుముకుంటున్నది టికెట్ ఉన్న పిల్లేనని నాకు తట్టలేదు.

నీ ఉత్తరం అందగానే ఆస్పత్రికి వెళ్ళి డాక్టరు ముందు కూర్చున్నాను.

"దాచకుండా చెప్పండి, నాకేం జబ్బు?"

"మీకా? రక్తం కొంచెం తక్కువ. నాకూ తక్కువే."

"పత్రికవాళ్ళకి ఏం చెప్పారు?"

"ఏ పత్రిక? అసలు మీరెవరండీ? రోజూ ఆ మూల కుర్చీలో కూర్చుంటారు, మా నర్సులు మీరు ఎవరి తాలూకో తేల్చుకోలేక చస్తున్నారు."

చెప్పాను. "అయితే మమ్మల్ని కూడా రాశారా?" అని కోటు సవరించుకున్నాడు.

ఇక నీ రెండో ప్రశ్నకి జవాబు. నా మొదటి ఉద్యోగం టెలిఫోన్ దగ్గర. మీ మేడ కింద, ఇప్పుడు కాగితం రీళ్ళు పెడుతున్నారే, ఆ గదిలో. దూరాల నుంచి విలేకరులు ఫోనులో వార్తలు అరిచి చెప్పేవాళ్ళు, నేను రాసుకునేదాన్ని. మధ్యలో లైను తెగేది. పక్కవాళ్ళు ఆ చోట ఏదో ఒకటి ఊహించి పూరించేవాళ్ళు. నేను అంత మేర ఖాళీ వదిలేసి, మళ్ళీ లైను కలిసేదాకా కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. ఆ ఖాళీల్లో ఏముందో తెలుసుకోవాలనే విలేకరినయ్యాను. అడిగినా జవాబు రాని ఖాళీలు మిగిలాయి, వాటి కోసం నవలలు రాశాను. ఇంతకుమించి నా జీవితం ఏమీ లేదు.

మొన్నటిదాకా మనమంతా ఏం చేశామో చూడు. లైను తెగిన చోట ఫోటోగ్రాఫర్ ఒకటి పూరించాడు, గడియారం ఒకటి, మీ నాన్న ఒకటి, నేను అందరికంటే పెద్దది. మళ్ళీ లైను కలపాలని చూసింది నువ్వొక్కదానివే.

ఫైలు తెరువు. రాయి. ఏడో ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎగ్గొట్టడం కాదు, నిజంగా లేదు.

నీ అత్త


జూలై 2

అత్తా! అత్తా! అత్తా!

మూడుసార్లు రాశాను, కత్తిరించుకో.

నీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నమే కూర్చుని మొత్తం రాసేశాను. మొదలు ఇలా పెట్టాను. 'ఈమె మొదటి ఉద్యోగం టెలిఫోన్ దగ్గర. లైను తెగిన చోట ఖాళీ వదిలేది.' తోటలూ పరిమళాలూ లేవు, చూసుకో. నర్సు శిక్షణా, సూదీ, పక్కింటి పిల్లల లెక్కలూ ఉన్నాయి. అట్టల మీద నువ్వు ముగ్గురు మనుషులుగా ఉన్నావు. నా కాగితంలో ఒక్క మనిషివయ్యావు.

గడియారం నిలబడే చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"ఆరు. చివరి పేరా ఏదీ?"

"లైను తెగింది సార్."

"అంటే?"

"ఏడో ప్రశ్న అడిగాను. జవాబు ఇంకా లేదన్నారు. ఊహించి రాయలేను."

"మరి అవసరమైన రోజున ఎలా?"

"ఆవిడకి రక్తం కొంచెం తక్కువ, అంతే సార్. మీ ఫోటోగ్రాఫర్ చూసింది పేషెంటుని కాదు, పనిలో ఉన్న రచయిత్రిని." మొత్తం చెప్పాను. కాపలా మనిషి సంగతి దగ్గర ఆయనకి నవ్వాగలేదు. ఆయన నవ్వుతాడని ఆఫీసులో ఎవరికీ తెలియదు, తలలు తిప్పి చూశారు.

తర్వాత నా వైపు అనుమానంగా చూశాడు. "ఇంతకీ ఆవిడ నీకేమవుతుంది?"

"మా మేనత్త."

"ముందే చెప్పి ఉంటే నీకిచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు సార్."

ఫైలు నా చేతికివ్వకుండా తనే మేడెక్కాడు. మోకాళ్ళ మీద వంగి, మూలుగుతూ, అడుగు సొరుగు లాగి కుర్రకారు మధ్యలో నిన్ను పెట్టాడు. పై సొరుగులోంచి నీ పేరు చీటీ తీసి చించేశాడు. లేచి మోకాళ్ళు దులుపుకుంటూ, "సోమవారం నుంచి సాయంత్రాలు రా. ముందు ఆ కుర్చీ కాలు బాగు చేయించుకో" అన్నాడు.

ఫోటోగ్రాఫర్ నీకు క్షమాపణలు చెప్పమన్నాడు. కొత్త నవల అట్టకి నీ ఫోటో తనే తీస్తాడట. అట్ట వెనక పరిచయం నేను రాస్తానని చెప్పేశాను. నువ్వు ఒప్పుకోకపోయినా.

నాన్న ఇప్పుడు ఇంట్లో కూడా గ్లాసు కడుగుతున్నాడు. అమ్మ భయపడి నన్ను అడుగుతోంది, "మీ నాన్నకి ఒంట్లో బాగానే ఉందా?" అని. ఏం చెప్పమంటావు?

ఇవాళ్టి మాట 'ఖాళీ'. దాని గురించి ఏమీ రాయడం లేదు.

నీ
ప్రశ్నార్థకం


జూలై 7

కోడలు పిల్లా,

మీ అమ్మకి ఏమీ చెప్పకు. కడగనీ.

చివరి అధ్యాయం పూర్తయింది. ఇన్నాళ్ళూ అది ఎందుకు కుదరలేదో ఇప్పుడు తెలిసింది. వరండాలో కూర్చునే నా ముసలావిడకి లోపల ఎవరూ లేరు. ఆవిడ ఊరికే వచ్చి కూర్చుంటుంది. ఆవిణ్ణి ఇంటికి ఎలా పంపాలో నాకు తోచేది కాదు. ఆవిడ కోసం ఇంకెక్కడో ఒక పిల్ల, బల్ల మీద కాగితాలు మూసిపెట్టి ఎదురుచూస్తోందని రాశాను. ఆవిడ వెంటనే లేచి సంచి భుజాన వేసుకుంది. నేను ఏమీ చేయనక్కర్లేకపోయింది.

ఏడో ప్రశ్నకి జవాబు ఇంకా లేదు. ఏడాదికొకసారి ఫైలు తాజా చేయాలని నియమం, అది కూడా నేను పెట్టిందే. వచ్చే జూన్‌లో మళ్ళీ అడుగు. నువ్వే అడగాలి, ఇంకొకళ్ళని పంపితే చెప్పను.

ఇంకో నవల మొదలుపెట్టాను. ఈసారి రైల్వే స్టేషన్లో కూర్చుంటున్నాను. నేను ఎక్కడికీ వెళ్ళిపోవడం లేదని మీ ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పి పెట్టు.

నీ కాగితం నా దగ్గరే ఉంది. రెండో వాక్యం చేర్చాను. ఇది కత్తిరించను.

'ప్రశ్నలు అడుగుతుంది. లైను తెగితే మళ్ళీ కలుపుతుంది.'

అత్త